తుఫాను ఏడు, రేకుల పొయ్యి

మా వైపు వయసులు, పెళ్ళిళ్ళు, ఇళ్ళు కట్టుకోవడాలు అన్నీ తుఫానుతోనే లెక్క చెబుతారు. "తుఫానుకి మావాడు చంటిపిల్లాడండీ" అంటారు. "ఆ అరుగు తుఫాను వెళ్ళాక కట్టిందేనండీ" అంటారు. ఏ తుఫాను అని ఎదుటివాళ్ళు అడగరు. 1996 నవంబరు 6, బుధవారం రాత్రి కాకినాడకి దిగువన తీరం దాటినదే తుఫాను, మిగతావన్నీ గాలివానలు. బంగాళాఖాతంలో పుట్టే తుఫానులకి పేర్లు పెట్టడం 2004 నుంచి మొదలైంది కాబట్టి దానికంటూ ఒక పేరు లేదు. పేరు లేదని మా కోనసీమలో ఎవరూ దాన్ని మరిచిపోలేదు.

మాది ముమ్మిడివరం దగ్గర ఒక చిన్న ఊరు. ఇప్పుడు కోనసీమ జిల్లా, అప్పుడు తూర్పు గోదావరి. నాన్నకి కాస్త కొబ్బరి తోట, దాని పక్కనే కొంచెం వరి చేను ఉండేవి. మా ఊళ్ళో కొబ్బరి తోట ఉన్నవాడికి బ్యాంకులో డబ్బున్నంత ధైర్యం. రెండు నెలలకోసారి దింపు తీయిస్తే చేతికి డబ్బొస్తుంది. అవసరం ముందొస్తే కొబ్బరి వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని తర్వాత కాయలతో తీర్చుకోవచ్చు. పెళ్ళిళ్ళు, చదువులు, వైద్యాలు అన్నీ అలా జరిగిపోయేవి. మా తాత వేసిన చెట్లవి. వాటిని చూసుకునే నాన్న ఎప్పుడూ ధీమాగా ఉండేవాడు.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. తమ్ముడు నాకన్నా బాగా చిన్నవాడు. దీపావళి ఇంకో నాలుగు రోజులుందనగా, టపాకాయల కోసం వాడు నాన్న ప్రాణం తీస్తున్నాడు.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయను. అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అనుభవించనివాళ్ళకి చెప్పినా అందదు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. రాత్రి ఒక వేళప్పుడు గాలి చప్పున ఆగిపోయింది. ఇంటి పెంకులు సగం లేచిపోయి అందరం నడవ గదిలో మంచం కింద ఉన్నాం. అయిపోయిందనుకుని నాన్న తలుపు గడియ తీయబోతే నాయనమ్మ అరిచింది. "ఒరేయ్, తియ్యకు. ఇప్పుడు ఎదురుగాలి వస్తది" అంది. ఆవిడ బడికి వెళ్ళలేదు, తుఫాను కన్ను అనే మాట వినలేదు. కానీ ఆవిడ అన్నట్టే కాసేపటికి అవతలి దిక్కు నుంచి రెండో విడత వచ్చింది. మొదటి విడతకి ఒరిగి ఎలాగో నిలబడ్డ చెట్లని ఆ రెండో విడత కూల్చేసింది. లోపల పడుకుని ఒక్కో చెట్టు విరిగిన చప్పుడు వింటున్నాం. నాన్న ఆ చీకట్లో ఏ చెట్టు ఏదో పోల్చుకుంటున్నాడని నాకనిపించింది.

తెల్లారాక చూస్తే తోటలో నిలబడి ఉన్నవి అక్కడొకటి ఇక్కడొకటి. నిలబడ్డవాటికి కూడా చాలా వాటికి మొవ్వు విరిగిపోయింది. మొవ్వు పోయిన కొబ్బరి చెట్టు నిలబడి ఉన్నా పోయినట్టే. వరి కోతకొచ్చిన చేను నీళ్ళలో పడుంది. సముద్రం పక్కనున్న భైరవపాలెం, బలుసుతిప్ప కబుర్లు మెల్లగా తెలిశాయి. వేటకెళ్ళిన పడవలు తిరిగి రాలేదన్నారు. మొత్తం మీద వెయ్యి మందికి పైగా పోయారు. ఆ కబుర్లు విన్నప్పుడల్లా నాయనమ్మ మా అందరి తలలూ లెక్కపెట్టుకునేది. ఆ లెక్కన మాకు జరిగినది నష్టమే కాదు. కానీ నష్టం కాదని ఎంత చెప్పుకున్నా కొబ్బరి వ్యాపారి బాకీ బాకీగానే ఉంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది.

చంద్రబాబు నాయుడుగారు అప్పటి ముఖ్యమంత్రి. జిల్లాలోనే మకాం వేసి సహాయం పనులు చూశారు. బియ్యం, కిరసనాయిలు ఇచ్చారు. కరెంటు రావడానికి చాలా కాలం పట్టింది. ఊళ్ళో ప్రతి ఇంటి ముందు కూలిన చెట్లే. కొబ్బరి మాను కొనేవాడు లేడు, అందరి దగ్గరా ఉన్నప్పుడు ఎవరు కొంటారు? ఆడవాళ్ళు ఈనెలు గీసి చీపుళ్ళు కట్టడం మొదలుపెట్టారు. అదీ అంతే, ఊరు ఊరంతా చీపుళ్ళు కడితే ఊడ్చుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

నాన్న మాట్లాడడం మానేశాడు. కోపంగా ఉండడం కాదు, అసలు మాటే లేదు. పొద్దున్నే లేచి తోట గట్టు మీద కూర్చునేవాడు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, తిని మళ్ళీ వెళ్ళిపోయేవాడు. కొబ్బరి మొక్క ఈ రోజు నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళనే ఆయన అక్కడ కూర్చుని లెక్కపెట్టుకుంటున్నాడని ఇప్పుడు అర్థమవుతుంది. నా పదో తరగతి, ఇంటరు, పెళ్ళి అన్నీ ఆ ఆరేడేళ్ళలోనే ఉన్నాయి మరి.

అమ్మ పుట్టిల్లు ఆత్రేయపురం వైపు. రావులపాలెం నుంచి లొల్ల మీదుగా వెళ్ళాలి. బొబ్బర్లంక దాకా కాలువ పక్కన సాగే దారి అది, సినిమాల్లో మీరు చాలాసార్లు చూసే ఉంటారు. ఆ ఊళ్ళలో ఆడపిల్లకి ముగ్గు వెయ్యడం ఎలా వస్తుందో పూతరేకులకి రేకు తీయడం అలా వస్తుంది. అమ్మమ్మ, పిన్ని, వాళ్ళ పక్కింటివాళ్ళు అందరూ రేకుల పొయ్యి దగ్గర పెరిగినవాళ్ళే. అమ్మ కూడా పెళ్ళికి ముందు తీసింది. మా ఇంటికొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు అనాలేమో. తోటలున్న ఇంటి కోడలు కూలికి రేకులు తీసిందంటే మా నాయనమ్మకి నామోషీ. పెళ్ళిచూపులప్పుడే ఎవరో "మీ అమ్మాయి రేకులు తీస్తుందా?" అని నవ్వుతూ అడిగితే అమ్మమ్మ "అబ్బే, సరదాకండీ" అని సర్ది చెప్పిందట. ఆ సరదా మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు చెల్లింది. సంక్రాంతికి పుట్టింటి నుంచి పూతరేకులు వచ్చేవి, తినేవాళ్ళం. ఎవరు చేశారో అడిగేవాళ్ళం కాదు.

తుఫాను వెళ్ళాక ఒకరోజు మా వీధి మగవాళ్ళంతా దారి బాగుచేయడానికి ఎండిన కొబ్బరాకుని కుప్పలు వేసి తగలబెడుతున్నారు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ చూస్తూ, "ఇంత ఆకు ఊరికే తగలేస్తున్నారే. మా ఊళ్ళో దీన్ని డబ్బిచ్చి కొనుక్కుంటారు" అంది. ఎవరితోనూ కాదు, తనలో తనే అనుకుంది. రేకుల పొయ్యిలోకి ఎండు కొబ్బరాకే కావాలి. కట్టెల మంట నిలకడగా ఉంటుంది గానీ మనం చెప్పినట్టు వినదు. ఆకు మంట అయితే చప్పున లేస్తుంది, చప్పున తగ్గుతుంది, ఎంత కావాలంటే అంత వేసుకోవచ్చు.

మర్నాడు అమ్మ ఆకు తగలబెట్టేవాళ్ళ దగ్గరికెళ్ళి, "అన్నయ్యగారూ, ఆ మట్టలు మా పెరట్లో పడెయ్యండి" అంది. వాళ్ళకి చాకిరీ తగ్గింది, సంతోషంగా తెచ్చి పడేశారు. పెరడు నిండిపోయింది. నాయనమ్మ "ఇదేంటమ్మాయ్, పాములు చేరతాయి" అంటే అమ్మ జవాబు చెప్పలేదు. బస్సులు తిరగడం మొదలవగానే పుట్టింటికెళ్ళి కుండ తెచ్చింది. పిన్ని వాడుతున్న కుండే, బాగా పదును పట్టినది. కొత్త కుండ అయితే నూనె గుడ్డతో తుడుస్తూ, కాలుస్తూ దారికి తెచ్చుకోవాలి. అప్పటిదాకా రేకు ఊడి రాదు. పిన్ని తన కుండ ఇచ్చేసి తను కొత్తది తెచ్చుకుంది. ఆ మాట అమ్మ చాలా కాలం తర్వాత చెప్పింది. బస్సులో ఆ కుండని ఒళ్ళో పెట్టుకుని వచ్చిందట. పక్కనావిడ "ఏంటమ్మా అది, అస్థికలా?" అని అడిగిందట. ఆ రోజుల్లో అలా అడగడం తప్పు కూడా కాదు.

ఆ రాత్రి ఇంట్లో గొడవైంది. నాయనమ్మ ఏడ్చింది. "నా కొడుకు బతికుండగానే కోడల్ని పొయ్యి దగ్గర కూలికి కూర్చోబెట్టానని ఊరంతా అనుకోదా" అంది. అమ్మ మామూలుగా ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, "అత్తయ్యగారూ, తినేటప్పుడు లేని నామోషీ చేసేటప్పుడు ఎందుకండీ?" అంది. నాన్న ఏమీ అనలేదు. వద్దనలేదు, సరే అనలేదు. లేచి అరుగు మీదకి వెళ్ళి పడుకున్నాడు.

మొదటి రోజుల్లో రేకు రానే లేదు. అమ్మ చేతికి అలవాటు తప్పింది, పైగా ఇంట్లో ఉన్నవి సహాయంగా ఇచ్చిన బియ్యం. ఆత్రేయపురంలో జయ బియ్యం వాడతారు. మా ఇంట్లోవి రుబ్బి పూస్తే కుండ మీదే చిట్లిపోతోంది. చివరికి పిన్ని సంచీ నిండా జయ బియ్యం పంపింది.

రేకు తీయడం దగ్గరగా చూడనివాళ్ళ కోసం చెబుతాను. బియ్యం రెండు మూడు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి బాగా పలచన చేస్తారు. వెడల్పాటి గిన్నెలో ఆ పిండినీళ్ళు పోసి పక్కన పెట్టుకుంటారు. కుండని పొయ్యి మీద బోర్లించి ఉంచితే కింద నుంచి ఆకు మంట తగులుతూ ఉంటుంది. పల్చటి తెల్లగుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుని, కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. రెండోసారి పరవకూడదు. గుడ్డ వెళ్ళిన చోట సన్నటి తెల్లటి పొర నిలబడిపోతుంది. క్షణంలో అంచులు లేస్తాయి. ఆ అంచుని వేళ్ళతో పట్టుకుని తీసి పక్కన పెట్టాలి. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. మంట కాస్త ఎక్కువైతే బుడగలొస్తాయి, తక్కువైతే అంటుకుపోతుంది. కుడిచేత్తో గుడ్డ ముంచుతూనే ఎడంచేత్తో పొయ్యిలోకి ఆకు తోస్తూ ఉండాలి. బాగా వచ్చిన రేకుని ఎండకెత్తి చూస్తే అవతల మనిషి ముఖం కనిపించేది. ఉల్లిపొరంత పల్చన.

అమ్మ వేళ్ళ చివర్లు మొదట్లో బొబ్బలెక్కాయి. తర్వాత గట్టిపడ్డాయి. ఇప్పటికీ పొయ్యి మీద గిన్నెని పట్టకారు లేకుండా దించేస్తుంది, మేము కెవ్వుమంటాం.

నాన్న సంగతి చెప్పాలి. కరెంటు లేదు, ఉన్నా మా ఇంట్లో గ్రైండరు లేదు. రుబ్బురోలే. అంత పిండి రుబ్బి, పొద్దున పొయ్యి దగ్గర కూర్చోవడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. నేను కాసేపు రుబ్బేదాన్ని, బడికెళ్ళాలి కదా. ఒక రాత్రి మెలకువ వచ్చి పెరట్లోకి వెళితే రోలు తిరుగుతున్న చప్పుడు. అమ్మ అనుకున్నాను. నాన్న. చొక్కా విప్పేసి, దీపం లేకుండా, చీకట్లో రుబ్బుతున్నాడు. వీధిలో ఎవరూ చూడకూడదని దీపం పెట్టుకోలేదన్నమాట. నన్ను చూసి ఉలిక్కిపడి, "పడుకోమ్మా, పడుకో" అన్నాడు. అంతే. మర్నాడు అమ్మ లేచేసరికి పిండి సిద్ధంగా ఉంది. అమ్మ ఎవరు రుబ్బారని అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇలా చాలా రోజులు నడిచింది. తర్వాత దీపం వచ్చింది, ఆ తర్వాత పగలే రుబ్బడం మొదలుపెట్టాడు. ఒకాయన దారిన పోతూ "ఏం బావా, ఆడంగి పని నేర్చుకున్నావే" అంటే, నాన్న రోలు ఆపకుండా "నీకూ ఒక పొత్రం ఉంది, వస్తావా?" అన్నాడు. తుఫాను తర్వాత నాన్న నోట నేను విన్న మొదటి జోకు అది. జోకుగా అంత గొప్పది కాదు గానీ అమ్మ పొయ్యి దగ్గర నవ్వాపుకోలేక ఒక రేకు చింపేసింది.

అమ్మకం మొదట్లో ఘోరంగా ఉంది. రేకులు గంపలో గుడ్డలు పరిచి సర్ది, బస్సెక్కి రావులపాలెం తీసుకెళ్ళి చుట్టేవాళ్ళకి ఇవ్వాలని అమ్మ ఆలోచన. రేకులు తీసేవాళ్ళు వేరు, కొని నెయ్యీ పంచదారా వేసి చుట్టేవాళ్ళు వేరు. ఆ రోడ్డు అప్పుడెలా ఉందో చెప్పక్కర్లేదు. కొత్తపేట దాటేసరికే గంపలో సగం ముక్కలు. కొనేవాళ్ళు ముక్కలు తీసుకోరు. ఆ వారమంతా మేం పూతరేకుల ముక్కల్లో బెల్లం వేసుకుని తిన్నాం. అప్పుల్లో ఉన్న ఇంట్లో పిల్లలు రోజూ పూతరేకులు తిన్నారంటే ఎవరూ నమ్మరు, మేం తిన్నాం.

ఆ ముక్కలే దారి చూపించాయని చెప్పొచ్చు. ఆత్రేయపురం చుట్టూ ఇంటికొక పొయ్యి ఉంది, అక్కడికి మోసుకెళ్ళి అమ్మడం ఏట్లో నీళ్ళు పొయ్యడమే. మా వైపు, అంటే ముమ్మిడివరం, అమలాపురం పక్కన, రేకు తీసే చెయ్యి అరుదు. కావాలంటే రావులపాలెం నుంచే తెప్పించుకునేవాళ్ళు. ఇక్కడే చుట్టి ఇక్కడే అమ్మితే? మోత లేదు, ముక్కల బెంగ లేదు. నెయ్యికి మాత్రం డబ్బు కావాలి.

అప్పుడే ఊరూరా డ్వాక్రా సంఘాలు ఊపందుకుంటున్నాయి. రోజుకి రూపాయి చొప్పున పొదుపు చేసుకోవడం, ఆ డబ్బు సంఘంలోనే తిప్పుకోవడం, తర్వాత బ్యాంకు అప్పు. అమ్మ అప్పటికే సంఘంలో చేరి ఉంది గానీ ఏదో అందరితో పాటు కట్టడమే తప్ప అప్పు ఎప్పుడూ అడగలేదు. సంఘం అప్పుతో నెయ్యి కొన్నాం. అది చిన్న మొత్తమే. దాన్ని తీసుకొచ్చిన రోజు అమ్మ దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుంది. నాన్న చేతుల మీదుగా కాకుండా తన సంతకం మీద ఇంట్లోకి వచ్చిన మొదటి డబ్బు.

మాఘమాసం ముహూర్తాలు వచ్చాయి. తుఫాను ఏడు కదా, పెళ్ళిళ్ళు ఆగిపోతాయనుకున్నాం. ఆగలేదు. బంగారం తగ్గించారు, మేళం తగ్గించారు, భోజనాల్లో కూరలు తగ్గించారు. సారె మాత్రం తగ్గించలేకపోయారు. కాజాలు, సున్నుండలు, అరిసెలు, పూతరేకులు లేకుండా ఆడపిల్లని అత్తవారింటికి పంపడమంటే మా వైపు ఎంత లేనివాడికీ ప్రాణం ఒప్పదు. దూరం నుంచి తెప్పించుకోవడానికి చేతకాని ఏడాది కాబట్టి మా ఇంటికొచ్చారు. మొదటి ఆర్డరు మా వీధి చివర ఇంటిది. వాళ్ళ తోటా మా తోటలాగే పోయింది. డబ్బులు ఇప్పుడు సగం, పంట మీద సగం అన్నారు. అమ్మ సరే అంది. ఆ సగం కూడా వచ్చింది, కాస్త ఆలస్యంగా.

నాయనమ్మ ఎప్పుడు మా జట్టులోకి వచ్చిందో సరిగ్గా చెప్పలేను. మొదట పొయ్యి వైపు చూసేది కాదు. తర్వాత దూరం నుంచి చూసేది. తర్వాత, "ఆ రేకు మందమైంది" అని వంకలు పెట్టడం మొదలుపెట్టింది. వంకలు పెట్టడానికి దగ్గరికి రావాలి కదా, అలా దగ్గరికొచ్చి చుట్టడానికి కూర్చుంది. తడి చేత్తో రేకుని కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడి జల్లి, మడతలు పెట్టడంలో ఆవిడ చెయ్యి అందరికన్నా సాఫు. వచ్చినవాళ్ళతో మాత్రం, "మా కోడలు సరదాగా చేస్తుందండీ, మీరు అడిగారని" అనేది. నెయ్యి డబ్బా, సంఘం పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఆ మాట అనేది.

లెక్క నాది. అమ్మకి సంతకం వచ్చు గానీ రాయడం అంతగా రాదు. ఎవరెన్ని తీసుకున్నారో వంటింటి గోడ మీద బొగ్గు గీతలు గీసుకునేది. ఆ గీతల భాష అమ్మకి తప్ప వేరేవాళ్ళకి అర్థమయ్యేది కాదు. పొట్టి గీత అంటే డబ్బు ఇచ్చారని, అడ్డగీత అంటే ఇవ్వాలని. నేను నా పాత నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలు కుట్టి అవన్నీ ఎక్కించడం మొదలుపెట్టాను. బియ్యానికి ఎంత, నెయ్యికి ఎంత, బెల్లానికి ఎంత, చేతికెంత మిగిలింది. ఆ లెక్కలో తేలిన సంగతి ఏంటంటే, పంచదార రేకు మీద కన్నా బెల్లం రేకు మీద మాకు ఎక్కువ మిగులుతోంది. అమ్మకి చెబితే నమ్మలేదు. నాన్నని పిలిచి చూపించింది. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో వరస మీద గీస్తూ చూసి, "కరెక్టే" అన్నాడు. పరీక్షల్లో ఎన్ని మార్కులు వచ్చినా నాకు అంత గర్వం కలగలేదు. బీకాం చదవాలని అప్పుడే అనుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. లెక్కల పుస్తకం అంటే భయం పోయింది, అంతవరకు నిజం. ఇప్పుడు హైదరాబాదులో ఒక ఆడిట్ ఆఫీసులో కూర్చుని వేరేవాళ్ళ జమాఖర్చులు చూస్తూ బతుకుతున్నాను.

కష్టం మనిషిని గట్టిపరుస్తుందని అందరూ తేలిగ్గా అనేస్తారు. నాకా మాట మీద అంత నమ్మకం లేదు. మా వెనక వీధిలో ఒకావిడకీ అదే తుఫాను వచ్చింది. ఆవిడకి రేకు తీయడం రాదు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి ఇంటి పనికి కువైట్ వెళ్ళింది. మా కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు అప్పుడూ ఇప్పుడూ తక్కువేమీ కాదు. ఆవిడ అప్పులు తీర్చింది, ఇల్లు కట్టింది, పిల్లలు ఎదగడం మాత్రం ఫొటోల్లో చూసింది. ఆవిడ మా అమ్మ కన్నా తక్కువ ధైర్యవంతురాలా? కాదు. మా అమ్మకి చేతిలో ఒక విద్య ఉంది, కుండ ఇచ్చిన చెల్లెలుంది, చీకట్లో పిండి రుబ్బిన మొగుడున్నాడు. తోట ఉన్నన్నాళ్ళూ ఆ విద్య మా ఇంట్లో నామోషీ పేరుతో మూలపడి ఉంది. తోట పోయాక నామోషీ పడే స్తోమత మాకు లేకపోయింది. జరిగింది ఇదే. అమ్మని ఎవరైనా "ఎంత మనోధైర్యం అండీ మీది" అని పొగిడితే ఆవిడకి చిరాకు. "ధైర్యం ఏముందండీ, పెరట్లో ఆకుంది" అంటుంది.

దీనికి అయిన ఖర్చు కూడా చెప్పాలి. పొగ. వంటింటి వెనక పాకలో పొద్దున నాలుగింటికి కూర్చుంటే ఎండెక్కేదాకా ఆ పొగలోనే. అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, చలికాలం వస్తే దగ్గు వదిలేది కాదు. నడుం నొప్పి వేరే. ఇప్పుడు రేకులు తీసే ఫొటోలు చూసేవాళ్ళకి కుండ, మంట, తెల్లటి రేకు అందంగా కనిపిస్తాయి. పక్కన గోడకి ఆనుకుని నడుం సరిచేసుకునే మనిషి ఫొటోలో ఉండదు.

నాన్న మళ్ళీ మొక్కలు వేశాడు. తుఫాను వెళ్ళిన మరుసటి వానలకి గోతులు తీయించాడు. కూలీల డబ్బు రేకుల లెక్కలో నేనే రాశాను. ఎదిగేదాకా మధ్యలో అరటి వేశాడు. కొత్త తోట కాపుకి వచ్చేసరికి 2003 దాటింది. మొదటి దింపు రోజు ఇంట్లో పండగ చేసుకున్నాం. ఇక పొయ్యి ఆపేద్దామా అని అమ్మే అడిగింది. అప్పటికి కొబ్బరికి కొత్తగా నల్లి తెగులు పట్టుకుంది. కాయ పైన గీతలు పడి, చిన్నగా మిగిలిపోయేది. నాన్న చేతిలో అలాంటి కాయ ఒకటి పట్టుకుని తిప్పి చూస్తూ, "వద్దు, ఉండనీ. ఈ చెట్లని నమ్ముకుని ఒకసారి చూశాంగా" అన్నాడు. పొయ్యి ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. నా పెళ్ళి సారెలో పూతరేకులు మా ఇంట్లోవే. నాయనమ్మ కట్టించింది, అత్తవారింట్లో అందరికీ ఇవి మా అమ్మ తీసినవని చెప్పమని నాకు మరీ మరీ చెప్పి పంపింది. సరదా మాట ఆవిడ నోట ఆ రోజు రాలేదు.

నాయనమ్మ పోయింది. అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, పీట మీద కూర్చోలేదు. పొయ్యి ఇప్పుడు లేదు. పిన్ని కూతురు మాత్రం ఆత్రేయపురంలో ఇంకా తీస్తోంది. ఇప్పుడు జీడిపప్పు, బాదం, చాక్లెట్ అంటూ ఏవేవో వేసి చుడుతున్నారు. అడిగేవాళ్ళున్నారు కాబట్టి చేస్తున్నారు. నాకు బెల్లం, నెయ్యి చాలు.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ పేరుతో అక్కడి తయారీదారులు పెట్టుకున్న సంఘం దరఖాస్తు చేసి సాధించింది. మా గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు పెట్టుకోకుండా ఏ పనీ మొదలవదు లెండి. ఆ వార్త చూసి నేను ఆఫీసులోనే ఎగిరి గంతేసినంత పని చేసి అమ్మకి ఫోన్ చేశాను. టీవీలో తనూ చూసిందట. ఇక ఆ పేరు పెట్టుకుని వేరేవాళ్ళు అమ్ముకోకూడదని, విదేశాల్లో కూడా గిరాకీ పెరుగుతుందని గడగడా చెప్పుకుపోయాను. అమ్మ అంతా విని, "బాగానే ఉందమ్మా. రేకు తీసేదానికి వందకి ఎంతిస్తున్నారంట ఇప్పుడు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పిన్ని కూతుర్ని అడిగి చెబుతానన్నాను. "అడుగు. బియ్యానికి, ఆకుకి ఎంతవుతుందో కూడా అడుగు. రాసుకో, మర్చిపోతావు" అంది అమ్మ.